గుండె బలహీనపడ్డాక నడక

ఎకో పరీక్ష కాగితం మీద 'ఇ.ఎఫ్. 30 శాతం' అని ఉంటుంది. 'పంపింగ్ బాగా తగ్గింది' అని వైద్యులు చెబుతారు. ఆ మాట ఇల్లు చేరేసరికి 'గుండె ముప్ఫై శాతమే పనిచేస్తోందట' అని మారుతుంది. ఇక ఆ ఇంటి ఏర్పాట్లన్నీ మారిపోతాయి. మేడమీది మంచం కింది గదిలోకి వస్తుంది. పాలప్యాకెట్టు కోసం వీధి చివరిదాకా వెళ్ళే పని మరొకరికి పోతుంది. మంచినీళ్ళు కూర్చున్నచోటికే వస్తాయి. అంతకుముందు రోజూ గుడిదాకా నడిచి వచ్చిన మనిషి, మూడు నెలలు తిరిగేసరికి స్నానాలగదికి వెళ్ళి రావడానికే ఆయాసపడతాడు. గుండె ఇంకా పాడయిందని ఇంట్లోవాళ్ళు మరింత జాగ్రత్తపడతారు.

ఆ మూడు నెలల్లో గుండె నిజంగా అంత క్షీణించిందా? మళ్ళీ ఎకో తీస్తే అదే 30 శాతం కనిపించవచ్చు. ఈలోగా క్షీణించినవి ఆ మనిషి తొడల కండరాలు, పిక్కల కండరాలు. గుండె వైఫల్యంలో కలిగే ఆయాసంలో చెప్పుకోదగ్గ భాగం కాళ్ళలోనే పుడుతుందని వైద్యశాస్త్రం గ్రహించి నలభై ఏళ్ళు కావస్తోంది. పరిస్థితి నిలకడగా ఉన్న రోగికి నడక ఒక చికిత్స అని ఇవాళ అమెరికా, ఐరోపా వైద్యసంఘాల మార్గదర్శకాలు రెండూ అత్యున్నత స్థాయి సిఫారసుగా చెబుతున్నాయి. అయినా చాలా ఇళ్ళలో విశ్రాంతి రాజ్యమే నడుస్తోంది. అలా ఎందుకు జరుగుతోందో, నడక చేసే మేలేమిటో, ఆ మేలుకున్న హద్దులేమిటో తెలుసుకోవడం రోగికంటే ముందు ఆ రోగి ఇంటివారికి అవసరం.

వైఫల్యం అన్న మాట

ఈ జబ్బుకు పెట్టిన పేరే సగం భయానికి కారణం. హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు. దానిని కార్డియాక్ అరెస్ట్ అంటారు. గుండె కండరానికి రక్తం అందించే ధమని హఠాత్తుగా మూసుకుపోతే అది గుండెపోటు. గుండె వైఫల్యం వేరు: శరీరానికి కావలసినంత రక్తాన్ని గుండె సరఫరా చేయలేకపోవడం, లేదా తనలోని ఒత్తిడిని విపరీతంగా పెంచుకుంటేనేగాని చేయలేకపోవడం. గుండెపోటు తర్వాత మిగిలిన మచ్చ, ఏళ్ళ తరబడి అదుపు తప్పిన రక్తపోటు, కవాటాల జబ్బులు, మధుమేహం, మితిమీరిన మద్యం, కొన్ని వైరస్‌లు, కొన్ని కాన్సరు మందులు ఇందుకు దారితీస్తాయి.

ఇ.ఎఫ్. అన్న అంకెనూ సరిగా చదవాలి. ఎడమ జఠరిక నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో ఎన్నో వంతు ఒక్క స్పందనతో బయటికి పోతోందో ఆ అంకె చెబుతుంది. ఆరోగ్యవంతుడి గుండెలో కూడా అది నూరు శాతం ఉండదు. 50 నుంచి 70 శాతం మధ్య ఉంటుంది. ఒక ఉదాహరణ: మామూలు జఠరికలో 120 మిల్లీలీటర్ల రక్తం నిండి, 70 మిల్లీలీటర్లు బయటికి పోతే ఇ.ఎఫ్. సుమారు 58 శాతం. బలహీనపడి సాగిపోయిన జఠరికలో 200 మిల్లీలీటర్లు నిండి, 60 మిల్లీలీటర్లు పోతే ఇ.ఎఫ్. 30 శాతం. శాతం సగానికి పడిపోయింది గాని, ఒక్కో స్పందనతో శరీరానికి అందే రక్తంలో తగ్గింది పది మిల్లీలీటర్లే. ఈ లెక్క జబ్బు చిన్నదని చెప్పడానికి కాదు. సాగిన గుండె అదనపు ఒత్తిడితో, అదనపు శ్రమతో ఆ 60 మిల్లీలీటర్లను నెట్టుకొస్తోంది. కాని 'ముప్ఫై శాతం గుండె' అన్నమాట అబద్ధమని మాత్రం ఈ లెక్క చూపిస్తుంది.

ఇ.ఎఫ్. మామూలుగానే ఉండి కూడా వైఫల్యం రావచ్చు. జఠరిక గోడలు బిరుసెక్కి, సరిగా సడలక, రక్తం నిండేటప్పుడే లోపలి ఒత్తిడి పెరిగిపోతుంది. వయసు మళ్ళినవారిలో, ముఖ్యంగా స్త్రీలలో, స్థూలకాయం, రక్తపోటు, మధుమేహం ఉన్నవారిలో ఈ రకం ఎక్కువ. రోగులలో దాదాపు సగంమంది ఈ కోవలోనివారే.

విశ్రాంతే వైద్యంగా ఉన్న కాలం

గుండె రోగికి విశ్రాంతి చెప్పడం కుటుంబాలు పుట్టించుకున్న ఛాదస్తం కాదు. అది ఒకప్పుడు వైద్యులు చెప్పినదే. బలమైన మందులు లేనిరోజుల్లో పడుకోబెట్టడమే ఉన్న ఉపాయం. పడుకున్నప్పుడు మూత్రపిండాలకు రక్తప్రసరణ మెరుగై మూత్రం ఎక్కువగా పోతుంది, కాళ్ళవాపు తగ్గుతుంది. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో జార్జ్ బర్చ్ అనే ప్రసిద్ధ హృద్రోగ వైద్యుడు 1960లలో, గుండె సాగిపోయిన రోగులను నెలల తరబడి మంచం మీదే ఉంచి చికిత్స చేశాడు. గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి మంచం దిగనివ్వకపోవడం అప్పటికి ఎంత సహజమంటే, 1950ల మొదట్లో బోస్టన్‌లో శామ్యూల్ లెవీన్, బెర్నార్డ్ లౌన్ అలాంటివారిని కుర్చీలో కూర్చోబెట్టడమే పెద్ద సాహసంగా కనిపించింది.

పడకకు చెల్లించే మూల్యం ఎంతో 1966లో డల్లాస్‌లో జరిగిన ఒక ప్రయోగం కొలిచి చూపించింది. ఇరవై ఏళ్ళ వయసున్న అయిదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారాలు మంచం మీద ఉంచారు. వారి శరీరం గరిష్ఠంగా వాడుకోగల ప్రాణవాయువు నాలుగోవంతుకు పైగా పడిపోయింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ అయిదుగురినే మళ్ళీ పరీక్షించారు. యాభయ్యో పడిలో వారి సామర్థ్యం తగ్గింది గాని, ఇరవయ్యో ఏట మూడు వారాల పడక తర్వాత ఉన్నంతగా తగ్గలేదు. వారి శ్రమశక్తిని ముప్ఫై ఏళ్ళ వయసుకన్నా మూడు వారాల మంచమే ఎక్కువగా దెబ్బతీసింది. గుండె బాగున్న యువకుల సంగతే ఇది. డెబ్భై ఏళ్ళ గుండె రోగి దగ్గర అంత నిలవ ఎక్కడిది?

ఆ తర్వాత చికిత్స మారింది. 1960ల నడుమ ఫ్యూరోసమైడ్ వచ్చి, ఒంట్లో చేరిన నీటిని మంచం సాయం లేకుండా తీసేయడం సాధ్యమయింది. 1980లలో ఏ.సి.ఇ. ఇన్హిబిటర్లు, 1990లలో బీటా బ్లాకర్లు రోగుల ఆయువును పెంచాయి. విశ్రాంతి అవసరమైన కారణం చాలామేరకు తొలగిపోయింది. సలహా మాత్రం మిగిలిపోయింది.

ఆయాసం ఎక్కడ పుడుతుంది?

రోగి ఎంత దూరం నడవగలడో అతని ఇ.ఎఫ్. చెబుతుందని చాలాకాలం అనుకున్నారు. 1981లో ఫ్రాన్సియోసా, ఆయన సహచరులు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పొంతన కనిపించలేదు. ఇ.ఎఫ్. 20 శాతం ఉన్న ఒకరు హాయిగా నడుస్తున్నారు, 35 శాతం ఉన్న మరొకరు నాలుగు అడుగులకే ఆగిపోతున్నారు. గుండె శక్తిని మందులతో పెంచిన వెంటనే నడిచే శక్తి పెరగడంలేదని కూడా గమనించారు. అలాంటప్పుడు అడ్డం పడుతున్నది మరెక్కడో ఉండాలి.

ఆ అడ్డం కండరాల్లో దొరికింది. గుండె వైఫల్యంలో శరీరం ఎప్పుడూ ఆపదలో ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. అడ్రినలిన్ జాతి హార్మోనులు పెరిగి, కాళ్ళకు పోయే రక్తనాళాలు ముడుచుకుంటాయి. అలసట లేకుండా చాలాసేపు పనిచేసే కండరపోగులు తగ్గి, త్వరగా అలిసేవి పెరుగుతాయి. ప్రాణవాయువుతో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు తగ్గుతాయి. కాస్త నడవగానే కండరంలో ఆమ్లపదార్థాలు పేరుకుంటాయి. అక్కడి నాడులు ఆ సంగతిని మెదడుకు చేరవేస్తాయి, మెదడు ఊపిరిని వేగం చేస్తుంది. రోగికి అది ఆయాసంగా తెలుస్తుంది. చెయ్యి రొమ్ము మీదికే పోతుంది గాని, ఆ కబురు బయలుదేరింది తొడనుంచి.

ఇక్కడ ఒక విషవలయం ఏర్పడుతుంది. ఆయాసం వస్తుందని నడవడం మానేస్తారు. మానేస్తే కండరం కరుగుతుంది. కరిగిన కండరం ఇంకా తక్కువ నడకకే ఆయాసం తెప్పిస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేస్తున్నప్పుడు ఆండ్రూ కోట్స్, ఆయన సహచరులు 1990లో ఈ వలయాన్ని తిప్పికొట్టవచ్చని చూపించారు. పదకొండుమంది రోగుల చేత ఎనిమిది వారాలు ఇంట్లోనే వ్యాయామపు సైకిలు తొక్కించారు, మరో ఎనిమిది వారాలు విశ్రాంతిగా ఉంచారు. వ్యాయామం చేసిన కాలంలో శక్తి పెరిగింది, ఆయాసం తగ్గింది. అంతకు రెండేళ్ళ ముందు డ్యూక్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధన ఈ మేలులో ఎక్కువ భాగం కండరాలు రక్తంనుంచి ప్రాణవాయువును మరింతగా గ్రహించడం వల్లనే వచ్చిందని తేల్చింది.

మరి వ్యాయామం వల్ల బలహీనమైన గుండె ఇంకా సాగిపోదా? జర్మనీలో లైప్‌జిగ్ వైద్యులు 73 మంది రోగులతో ఆరు నెలలు జరిపి, 2000 సంవత్సరంలో ప్రచురించిన ప్రయోగం దీనికి జవాబిచ్చింది. వ్యాయామం చేసినవారి గుండె సాగలేదు, సగటు ఇ.ఎఫ్. 30 నుంచి 35 శాతానికి పెరిగింది. రక్తనాళాలు సడలి, గుండె ఎదుర్కొనే నిరోధం కొద్దిగా తగ్గడమే ఇందుకు కారణం.

చదును నేలే కొండగా మారినప్పుడు

రోగికి నడవమని చెప్పేవారు ముందు ఆ నడక రోగికి ఎంత బరువో తెలుసుకోవాలి. ఊరికే కూర్చున్న మనిషి కిలో బరువుకు నిమిషానికి సుమారు 3.5 మిల్లీలీటర్ల ప్రాణవాయువు వాడుకుంటాడు. దీన్ని ఒక 'మెట్' అంటారు. గంటకు నాలుగు కిలోమీటర్ల వేగంతో చదును నేలమీద నడవడానికి సుమారు మూడు మెట్లు కావాలి. ఆరోగ్యంగా ఉన్న మధ్యవయస్కుడు ఎనిమిది, పది మెట్ల దాకా పోగలడు కాబట్టి అది అతనికి షికారు. జబ్బు ముదిరిన రోగి గరిష్ఠ సామర్థ్యం నాలుగు మెట్లే కావచ్చు. అతనికి అదే నడక తన శక్తిలో ముప్పాతిక ఖర్చు. పక్కన నడుస్తున్న కొడుక్కి అది కబుర్లు చెప్పుకునే వేగం, తండ్రికి అది పరుగు. 'ఈమాత్రం నడవలేరా?' అన్న ప్రశ్నకు ఈ లెక్కే జవాబు.

ఇదే లెక్కలో ఆశ కూడా ఉంది. గరిష్ఠ సామర్థ్యం నాలుగు మెట్లనుంచి అయిదుకు పెరిగితే, అదే నడక ముప్పాతిక శక్తినుంచి అరవై శాతానికి దిగివస్తుంది. స్నానం, బట్టలు మార్చుకోవడం, పది మెట్లు ఎక్కడం, అన్నీ ఆమేరకు తేలికపడతాయి. ఒక్క మెట్టు తేడా మనిషిని ఒకరిమీద ఆధారపడే బతుకునుంచి తన పని తాను చేసుకునే బతుక్కి చేర్చవచ్చు.

ప్రయోగాలు ఏం తేల్చాయి?

ఈ విషయంలో అన్నిటికంటే పెద్ద ప్రయోగం హెచ్.ఎఫ్. యాక్షన్. 2009లో దాని ఫలితాలు వచ్చాయి. అమెరికా, కెనడా, ఫ్రాన్స్ దేశాల్లో ఇ.ఎఫ్. 35 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉన్న 2,331 మందిని రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి మామూలు చికిత్స. రెండో వర్గానికి దానితోపాటు వైద్యుల పర్యవేక్షణలో 36 సార్లు వ్యాయామం, ఆపైన ఇంట్లో ట్రెడ్‌మిల్ మీద నడక లేదా సైకిలు. సుమారు రెండున్నరేళ్ళు గమనించాక, మరణించినవారు లేదా ఏదో ఒక కారణంతో ఆసుపత్రిలో చేరినవారు వ్యాయామ వర్గంలో 65 శాతం, రెండో దాంట్లో 68 శాతం. ఈ తేడా కాకతాళీయం కాదని గట్టిగా చెప్పడానికి చాలలేదు. రోగుల జబ్బు తీవ్రతలోని తేడాలను సరిచేశాక మాత్రమే కొద్దిపాటి మేలు కనిపించింది.

కనుక నడిస్తే ఆయువు పెరుగుతుందని వాగ్దానం చేయకూడదు. కాని ఆ ప్రయోగం మరో మూడు సంగతులు స్పష్టం చేసింది. మొదటిది, అంత బలహీనమైన గుండెలతో వ్యాయామం చేసినా దానివల్ల ప్రమాదాలు పెరగలేదు. రెండోది, రోగులు తమ జీవితం మెరుగయిందని చెప్పారు. ఆ మెరుగు మొదటి మూడు నెలల్లోనే వచ్చి నిలిచింది. మూడోది, మేలుకు పెద్ద మోతాదు అక్కరలేదు. వారానికి మూడునుంచి ఏడు 'మెట్-గంటల' వ్యాయామం చేసినవారిలో మరణాలు, ఆసుపత్రి చేరికలు ముప్ఫై శాతానికి పైగా తక్కువ. మూడు మెట్ల నడక ఇరవై నిమిషాలు నడిస్తే ఒక మెట్-గంట. అంటే రోజుకు ఇరవై నిమిషాల చొప్పున వారానికి అయిదు రోజులు నడిస్తే అయిదు మెట్-గంటలు. అయితే ఎక్కువ నడవగలిగినవారు మొదటినుంచీ కాస్త బాగున్నవారే కావచ్చు కనుక, ఈ ముప్ఫై శాతాన్నంతా నడక ఖాతాలో వేయడం సరికాదు.

తర్వాత నలభైకి పైగా ప్రయోగాలను, అయిదువేలకు పైగా రోగులను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష కూడా ఇదే దిశలో చెబుతోంది: మొదటి ఏడాదిలో మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, ఆసుపత్రిలో చేరవలసిన అవసరం తగ్గింది.

ఇ.ఎఫ్. మామూలుగా ఉండే రెండో రకం వైఫల్యంలో నేరుగా నడకనే పరీక్షించిన ప్రయోగం ఒకటుంది. 2016లో డాల్టన్ కిట్జ్‌మన్ బృందం, స్థూలకాయం ఉన్న వందమంది వృద్ధ రోగులకు ఇరవై వారాలపాటు వారానికి మూడుసార్లు గంటసేపు పర్యవేక్షణలో నడక, లేదా తక్కువ కాలరీల భోజనం, లేదా రెండూ కలిపి ఇచ్చింది. నడక, భోజన నియమం విడివిడిగా దాదాపు సమానమైన మేలు చేశాయి. రెండూ కలిస్తే ఆ మేలు రెట్టింపయింది. ఈ రకం వైఫల్యానికి చాలాకాలం సరైన మందులే లేవు కనుక ఇది చిన్న విషయం కాదు.

నడకకూ మోతాదు ఉంది

మొదలుపెట్టేముందు రోగిని చూస్తున్న వైద్యుడి అనుమతి అవసరం. చాలాచోట్ల ముందుగా ఆరు నిమిషాల నడక పరీక్ష చేస్తారు. ముప్ఫై మీటర్ల నడవాలో రోగి తనకు చేతనైన వేగంతో అటూఇటూ నడుస్తాడు, కావాలంటే ఆగుతాడు. ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడిచాడన్నదే లెక్క. కెనడాలో గోర్డన్ గయాట్ బృందం 1985లో దీన్ని గుండె వైఫల్యానికి వాడి చూపించింది. మూడువందల మీటర్లు దాటలేకపోతే జబ్బు తీవ్రమైనదని గుర్తు. కొన్ని నెలల్లో సుమారు ముప్ఫై మీటర్లు పెరిగితే ఆ తేడా రోగికి రోజువారీ జీవితంలో తెలుస్తుంది.

వేగాన్ని నాడి చూసి నిర్ణయించుకోవడం ఈ రోగులకు పనికిరాదు. బీటా బ్లాకర్లు నాడిని పెరగనివ్వవు. కర్ణికలు అస్తవ్యస్తంగా కొట్టుకునేవారిలో నాడి లెక్కకే అందదు. మాటే కొలమానం. నడుస్తూ పూర్తి వాక్యం చెప్పగలగాలి, కాని పాట పాడలేనంత శ్రమ ఉండాలి. రెండు మాటలకే ఊపిరి ఆడకపోతే వేగం తగ్గించాలి.

మొదటి వారం రోజుకు రెండుసార్లు అయిదు నుంచి పది నిమిషాలు చాలు. అదికూడా కష్టమైతే రెండు నిమిషాల నడక, ఒక నిమిషం కుర్చీ, మళ్ళీ రెండు నిమిషాలు. ముందు సమయం పెంచాలి, ఆ తర్వాతే వేగం. మూడు నాలుగు రోజులకు ఒకటి రెండు నిమిషాల చొప్పున పెంచుకుంటూ వెళ్ళి, వారంలో ఎక్కువ రోజులు ఇరవై, ముప్ఫై నిమిషాలకు చేరుకోవడం గమ్యం. మొదటి అయిదు నిమిషాలు, చివరి అయిదు నిమిషాలు నెమ్మదిగా నడవాలి. వీరు వాడే మందులు రక్తనాళాలను సడలిస్తాయి కనుక, హఠాత్తుగా ఆగితే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరగవచ్చు. భోజనం చేసిన వెంటనే నడవకూడదు. గంట, గంటన్నర ఆగాలి. మర్నాడు ఉదయానికి కూడా అలసట తీరకపోతే మోతాదు ఎక్కువయిందని అర్థం.

ఎండ విషయంలో ప్రత్యేక జాగ్రత్త కావాలి. నీరు పోయే మాత్రలు వేసుకునేవారికి, మే నెలలో పల్నాడులోనో రామగుండంలోనో పదిగంటల ఎండలో నడవడం ప్రమాదం. చెమట, మాత్ర కలిసి రక్తపోటును, లవణాలను తగ్గించేస్తాయి. దాహం వేస్తే ఎంత నీరు తాగవచ్చో కూడా వైద్యుడినే అడగాలి. సూర్యోదయానికి ముందో, ఇంటి వరండాలోనో, అపార్ట్‌మెంటు నడవాలోనో నడవడం మేలు. గడ్డకట్టే చలి కూడా రక్తనాళాలను బిగించి గుండెకు పని పెంచుతుంది. షికాగో జనవరికైనా, దుబాయి జులైకైనా షాపింగ్ మాల్ మంచి నడకదారి.

బాగా నీరసించిన వృద్ధులకు నడక ఒక్కటే చాలదు. 2021లో వచ్చిన రీహాబ్-హెచ్.ఎఫ్. ప్రయోగంలో, జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరిన అరవై దాటిన రోగులు 349 మంది పాల్గొన్నారు. వ్యాయామ వర్గానికి నడకతోపాటు తూలకుండా నిలబడటం, కుర్చీలోంచి లేవడం, కాలి బలం పెంచుకోవడం నేర్పారు. మూడు నెలల్లో వారి కదలిక రెండో వర్గంకన్నా స్పష్టంగా మెరుగుపడింది. ఆరు నెలల్లో మళ్ళీ ఆసుపత్రిలో చేరడం మాత్రం తగ్గలేదు. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి రోజుకు కొన్నిసార్లు లేచి కూర్చోవడం ఇంట్లోనే చేయగల వ్యాయామం. అప్పుడు ఊపిరి బిగబట్టకూడదు.

నడవకూడని రోజులు

ఏ మందుకైనా వద్దనే సందర్భాలుంటాయి. మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగినా, కాళ్ళవాపు ఎక్కువైనా, రాత్రి అదనపు దిండు లేకుండా పడుకోలేకపోయినా, కూర్చున్నప్పుడే ఆయాసం వచ్చినా ఒంట్లో నీరు చేరుతోందని అర్థం. అప్పటి ఆయాసం కాళ్ళది కాదు, గుండెదే. ఆ రోజు నడక ఆపి వైద్యుడికి కబురు చేయాలి. అందుకే రోజూ ఉదయం బరువు చూసి రాసుకోవడం నడకతో సమానమైన నియమం.

నడుస్తుండగా ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, కళ్ళు బైర్లుకమ్మడం, గుండె అదుపు తప్పి దడదడలాడటం జరిగితే వెంటనే ఆపి వైద్యసహాయం పొందాలి. జ్వరం ఉన్నప్పుడు నడక వద్దు. బృహద్ధమని కవాటం బాగా ఇరుకైనవారు, గుండె కండరానికి కొత్తగా వాపు వచ్చినవారు, గుండె లయ అదుపులో లేనివారు వైద్యుడు చెప్పేదాకా మొదలుపెట్టకూడదు. ఒంట్లో ఐ.సి.డి. పరికరం ఉన్నవారు, అది ఎంత నాడివేగానికి షాక్ ఇచ్చేటట్టు అమర్చి ఉందో అడిగి తెలుసుకుని, దానికి బాగా దిగువన ఉండాలి. ఇన్సులిన్ వాడేవారు జేబులో చక్కెర ఉంచుకోవాలి.

ఎక్కడున్నవారికి ఏది అందుబాటు?

అమెరికాలో మెడికేర్ 2014నుంచి గుండె వైఫల్య రోగులకు కార్డియాక్ రీహాబ్ ఖర్చు ఇస్తోంది. ఇ.ఎఫ్. 35 శాతం లేదా తక్కువ ఉండి, ఆరు వారాలు సరైన చికిత్స తర్వాత కూడా లక్షణాలు మిగిలి, నిలకడగా ఉన్నవారికి అది వర్తిస్తుంది. ఆసుపత్రినుంచి వచ్చి ఆరు వారాలు కాకపోతే వర్తించదు. ఇ.ఎఫ్. మామూలుగా ఉండే రకానికి ఆ నిర్ణయం చోటివ్వలేదు. అర్హత ఉన్నా వైద్యుడు రాసివ్వకపోతే ఎవరూ పిలవరు. అడగడం కుటుంబం పని. బ్రిటన్‌లో రీచ్-హెచ్.ఎఫ్. అనే కార్యక్రమం ఇంటివద్దనే క్రమంగా పెరిగే నడకను, కుర్చీ వ్యాయామాన్ని నర్సుల సాయంతో నేర్పి, రోగుల జీవితం మెరుగవుతుందని చూపించింది. ఆసుపత్రికి వెళ్ళనక్కరలేని ఈ పద్ధతి, రీహాబ్ కేంద్రాలు తక్కువగా ఉన్న తెలుగు నేలకు కూడా పనికివస్తుంది.

భారతదేశంలో ఈ అవసరం ఎంతో తిరువనంతపురం రిజిస్ట్రీ చెబుతుంది. 2013లో అక్కడి 18 ఆసుపత్రుల్లో చేరిన 1,205 మంది గుండె వైఫల్య రోగుల సగటు వయసు 61 ఏళ్ళు. పాశ్చాత్య దేశాల రోగులకంటే పదేళ్ళు చిన్నవారు. మూడేళ్ళు తిరిగేసరికి వారిలో దాదాపు 45 శాతం మంది మరణించారు. ఇంత కఠినమైన జబ్బులో మొదట కాపాడేవి మందులు. నడక వాటికి తోడేగాని బదులు కాదు. నడుస్తున్నాం కదా అని మాత్ర మానేయడం, మాత్ర వేసుకుంటున్నాం కదా అని మంచం ఎక్కడం, రెండూ నష్టమే.

దూరదేశంలో ఉన్న కొడుకులు, కూతుళ్ళు ఫోనులో 'రెస్ట్ తీసుకుంటున్నారా, నాన్నా?' అని అడగడం పరిపాటి. దాని బదులు అడగదగిన ప్రశ్నలు మూడున్నాయి. ఇవాళ బరువెంత? నిన్న ఎన్ని నిమిషాలు నడిచారు? నడకలో ఎక్కడ ఆగవలసి వచ్చింది? మొన్నటిదాకా వేపచెట్టు దగ్గర ఆగినవారు ఈ వారం కరెంటు స్తంభం దాకా ఆగకుండా వెళ్ళారంటే, చికిత్స పనిచేస్తోందని ఎకోకంటే ముందే తెలిసినట్టు. నిన్న స్తంభం దాకా వెళ్ళినవారు ఇవాళ గేటు దగ్గరే ఆగిపోయారంటే, వైద్యుడికి ఆ రోజే ఫోను చేయాలి. నడక ఇలా మందుగానూ, కొలతగానూ పనిచేస్తుంది. దానికి కావలసింది సరైన జోడు, తోడుగా ఒక మనిషి, పక్కన నడిచేవారికి నెమ్మదిగా నడిచే ఓపిక.